సకినాల పొడి నుంచి పుట్టిన పేరు

మా మేనకోడలు అమెరికాలో ఉద్యోగం చేస్తుంది. ఒక మార్చి చివర్లో రెండున్నర వారాలు సెలవు పెట్టి, జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి నార్త్ కరోలినాలోని ఫోంటానా డ్యాం దాకా నడిచింది. సుమారు 265 కిలోమీటర్లు. వీపు సంచిలో టెంటు, స్లీపింగ్ బ్యాగు, అరచేతిలో పట్టే స్టవ్వు, వాటి మధ్య హన్మకొండ నుంచి మా అక్క కొరియర్‌లో పంపిన సకినాలు. స్టీలు డబ్బా బరువవుతుందని తీసేసి, వాటిని జిప్ కవర్లో పోసుకుంది. సకినం సంగతి మనకు తెలిసిందే. గుడ్డ మీద చుట్లు చుట్లుగా చుట్టి ఆరబెట్టిన పిండి, నూనెలోకి జార్చేటప్పుడే జాగ్రత్తగా లేకపోతే విరుగుతుంది. నాలుగో రోజు సాయంత్రం షెల్టర్‌లో కవర్ విప్పి చూస్తే ఒక్క సకినం కూడా మిగల్లేదు. నువ్వులు, వాము కలిసిన పొడి మాత్రం ఉంది. పారేయడానికి మనసు రాక, ఆ పొడిని చెంచాతో నూడుల్స్ మీద చల్లుకొని తిన్నది. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ అదేంటని అడిగి రెండు చెంచాలు వేయించుకుంది. ఆమె తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. చీకటి పడేసరికి కవర్ ఖాళీ.

తెల్లారి బయలుదేరేటప్పుడు ఆ పెద్దావిడే, "క్రంబ్స్, నీళ్లు నింపుకున్నావా?" అని అడిగింది. క్రంబ్స్ అంటే పొడి, తునకలు. ఆ పూట నుంచి ఫోంటానా దాకా మా పిల్ల పేరు అదే.

ఈ సంగతి ఫోన్‌లో విన్న మా అక్కకు కోపం వచ్చింది. "నేను నడుం పడిపోయేదాకా కూర్చొని చుట్టిన సకినాలకు పొడి అని పేరు పెట్టిన్రా?" అన్నది. నాకు మాత్రం వేరే ప్రశ్న పట్టుకుంది. చక్కటి పేరున్న మనుషులు నడక మొదలుపెట్టగానే ఇంకో పేరు ఎందుకు పెట్టుకుంటారు? దానితో వాళ్లకు ఏం పని? అడుగుతూ, చదువుతూ పోతే ఆ ఆచారం మన వైపు నడకలకు చాలా దగ్గరిదని అర్థమైంది.

ముందు ఆ బాట గురించి కొంచెం చెప్పాలి. మా మేనకోడలు నడిచింది అప్పలాచియన్ ట్రెయిల్‌లో మొదటి ముక్క. అమెరికా తూర్పు కొండల వెంట జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా పోయే కాలిబాట అది. 14 రాష్ట్రాల మీదుగా 3,500 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఆలోచన చేస్తే, 1937కు బాట పూర్తయింది. మొత్తం బాటను ఒకే విడతలో నడిచేవాళ్లను త్రూ హైకర్లు అంటారు. ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది. ఏటా వేల మంది మొదలుపెడితే నలుగురిలో ఒకరు చివరిదాకా చేరతారు. పడమటి వైపు మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అని ఇంకొకటుంది, అది 4,265 కిలోమీటర్లు. ఈ బాటల మీద నెలల తరబడి కలిసి తిని, కలిసి తడిసి, ఒకరి కాలి పుండుకు ఒకరు పట్టీ వేసుకునే మనుషులకు చాలాసార్లు ఎదుటివాళ్ల అసలు పేరే తెలియదు. తెలిసేదల్లా ట్రెయిల్ నేమ్, అంటే బాట మీద వచ్చిన పేరు.

దీని వెనక ముందుగా కనిపించేది అవసరం. అప్పలాచియన్ బాట పొడవునా 250కి పైగా షెల్టర్లున్నాయి. ఎక్కువ వాటికి మూడు వైపులా గోడ, నాలుగో వైపు బయలు. లోపల ప్లాస్టిక్ కవర్లో ఒక నోట్‌బుక్కు, పెన్ను ఉంటాయి. దాన్ని రిజిస్టర్ అంటారు. రాత్రి ఆగినవాళ్లు, మధ్యాహ్నం నీళ్లకు ఆగి దాటిపోయినవాళ్లు తేదీ వేసి నాలుగు మాటలు రాస్తారు. ముందున్న ఊట ఎండిపోయిందనో, రాత్రి ఎలుగుబంటి తిరిగిందనో, వెనకొచ్చే ఫలానా మనిషికి మోకాలు ఎలా ఉందనో రాసి, కింద ట్రెయిల్ నేమ్‌తో సంతకం పెడతారు. ఎక్కువమంది ఒకే దిక్కుకు, ఒకరి వెనక ఒకరు పోతున్నవాళ్లే. రెండు రోజుల ముందు పోయినవాడు రాసింది ఈరోజు నేను చదువుతాను, నేను రాసింది రేపు ఇంకొకరు చదువుతారు. ఇట్లా వారం రోజులు ఒకరి రాతలు చదివి, చేతిరాత గుర్తుపట్టి, తీరా ఏదో వాగు దగ్గర ఆ మనిషే ఎదురైతే, "నువ్వేనా ఆ ఫలానా!" అని పాత స్నేహితుడిలా పలకరిస్తారట. ఆ రిజిస్టర్లలో జాన్ అని రాస్తే ఏ జాన్ అని ఎవరు గుర్తుపడతారు?

ఈ ఇబ్బంది మనకు కొత్తది కాదు. ములుగు, భూపాలపల్లి వైపు ఏ ఊరికైనా పోయి సమ్మయ్య ఇల్లు ఎక్కడని అడిగి చూడండి. మేడారం అమ్మల మీది భక్తితో ఊరికి నలుగురైదుగురు సమ్మయ్యలు, సారయ్యలు, సమ్మక్కలు ఉంటారు. కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు, మల్లయ్యలు, వేములవాడ రాజన్న పేరు మీద రాజయ్యలు, రాజేశంలు. అందుకే "ఏ సమ్మయ్య? కోళ్ల సమ్మయ్యనా, మిషిని సమ్మయ్యనా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. దేవుడి పేరు అందరిదీ అయినప్పుడు, ముందు చేరిన మాట ఒక్కటే మనిషిని విడదీసి చూపిస్తుంది. ట్రెయిల్ నేమ్ చేసే మొదటి పని కూడా ఇదే.

అయితే అవసరం ఒక్కటే అయితే నంబర్లు ఇచ్చుకున్నా సరిపోయేది. పేరు ఎలా వస్తుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మామూలుగా ఎవరి పేరు వాళ్లు పెట్టుకోరు, ఎదుటివాళ్లు పెడతారు. మొదటి వారం పది రోజుల్లో ఏదో ఒకటి జరుగుతుంది. ఒకడు పొయ్యి అంటించబోయి కనుబొమ్మ కాల్చుకుంటాడు. ఒకామె అందరికంటే ఆలస్యంగా లేస్తుంది. ఒకడు అవసరం లేని బరువంతా మోస్తుంటాడు. రాత్రి అన్నం దగ్గర ఎవరో ఒక మాట అంటారు, మిగతావాళ్లు నవ్వుతారు. ఆ మాట తెల్లారి కూడా ఎవరి నోట్లోనైనా ఉంటే అది పేరు అవుతుంది. తెల్లారికి మరిచిపోతే లేదు. ఎవరూ కూర్చొని తీర్మానం చేయరు. తిండి, సామాను, పొరపాటు, ఒంటి తీరు, మాట తీరు, వచ్చిన ఊరు, ఏదైనా పేరుకు పనికొస్తుంది. నా లెక్కలో అన్నిటికంటే గట్టివి పొరపాటులోంచి పుట్టినవే. మనిషి తన గొప్ప చెప్పుకొని తెచ్చుకున్న పేరు నాలుగు రోజులకు పాతబడుతుంది. తను తడబడ్డ రోజున పక్కనున్నవాళ్లు నవ్వి, చెయ్యందించి లేపి పెట్టిన పేరుకు సాక్షులుంటారు.

సొంతంగా పెట్టుకున్నవాళ్లూ లేకపోలేదు. అప్పలాచియన్ బాటను మొదట ఏకబిగిన నడిచినట్టు చెప్పిన ఎర్ల్ షాఫర్ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి. 1948లో నడిచి, "ది క్రేజీ వన్" అనే పేరుతో నిలిచిపోయాడు. 1998లో, 79 ఏళ్ల వయసులో మళ్లీ నడిచాడు. హెదర్ ఆండర్సన్ అనే ఆమె పసిఫిక్ క్రెస్ట్ బాటను 2013లో 61 రోజులు నిండకుండానే ముగించింది. తన పూర్వీకుల్లో ఒకామె అనిషినాబే అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి అని, ఆ గుర్తుగా "అనిష్" అనే పేరు పెట్టుకుంది. 1955లో 67 ఏళ్ల వయసులో ఒంటరిగా, కాన్వాసు బూట్లతో, భుజాన ఒక గుడ్డ సంచితో అప్పలాచియన్ బాట మొత్తం నడిచిన ఎమ్మా గేట్‌వుడ్‌ను లోకం "గ్రాండ్‌మా గేట్‌వుడ్" అనే పిలిచింది. పదకొండు మంది పిల్లల తల్లి. కొంచెం నడిచొస్తానని పిల్లలకు చెప్పి వెళ్లిందట. ఆమెను మన ఊళ్లో అయితే గేట్‌వుడ్ అవ్వ అనేవాళ్లం.

నన్ను ఎక్కువసేపు ఆపిన పేరు మాత్రం ఓరియంట్ ఎక్స్‌ప్రెస్. బిల్ ఇర్విన్ అనే ఆయనకు రెండు కళ్లూ కనపడేవి కావు. 1990లో ఓరియంట్ అనే గైడ్ డాగ్‌ను, అంటే చూపు లేనివాళ్లకు దారి చూపేలా శిక్షణ పొందిన కుక్కను, తోడు పెట్టుకొని ఈ బాట మొత్తం నడిచాడు. చూపు లేనివాళ్లలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. నెలల నడకలో వేలసార్లు కింద పడ్డాడు. దారి పొడవునా హైకర్లు ఆ ఇద్దరికీ కలిపి ఒకే పేరుతో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అన్నారు. ఇర్విన్ ఒక్కడికే పెట్టలేదు, గుడ్డితనం మీదా పెట్టలేదు. ఆ పేరులో ముందున్నది కుక్క పేరు. చూపు ఎవరిదో, దారి ఎవరు చూపిస్తున్నారో చూసినవాళ్లు పెట్టిన పేరది. కంటికి కొట్టొచ్చినట్టు కనపడే లోపాన్ని వదిలేసి, ఇద్దరి మధ్య ఉన్న బంధాన్ని పట్టుకున్నారు.

దీన్ని మన ఊళ్లతో పోల్చుకున్నప్పుడు నాకు బాధనిపిస్తుంది. మన దగ్గర పేరు ముందు చేరే మాట చాలాసార్లు కుంటి, గుడ్డి, నత్తి. చిన్నప్పుడు తగిలించిన ఆ మాట పాడె మీది దాకా వెంట వస్తుంది. వద్దనే హక్కు ఆ మనిషికి ఎవరూ ఇవ్వలేదు. ట్రెయిల్ నేమ్‌లో ఆ హక్కు ఉంది. ఎవరైనా పేరు పెట్టొచ్చు, కానీ నువ్వు ఒప్పుకొని రిజిస్టర్‌లో రాస్తేనే అది నీది. నచ్చకపోతే తల అడ్డంగా ఊపితే చాలు, ఇంకోటి వస్తుంది. రంగు మీద, యాస మీద, ఒళ్లు మీద పెట్టే పేర్లను మొహమాటం లేకుండా తోసెయ్యాలి. నవ్వులాటకు పెట్టామంటే సరిపోదు. మా మేనకోడలికి మొదట ఎవరో తన యాసను పట్టుకొని ఒక పేరు అన్నారట. "అది వద్దు" అని ఒక్క మాట అన్నది, అంతటితో అయిపోయింది. క్రంబ్స్ అన్నప్పుడు మాత్రం, "అందులో మా అమ్మ చేతి వంట ఉంది కదా మామా, అందుకే ఉంచుకున్నా" అన్నది.

ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. ఆ పదిహేడు రోజుల్లో ఎవరూ తన ఇంటిపేరు అడగలేదట. మన దగ్గర కొత్త మనిషి కలిస్తే ఏ ఊరు, ఎవరి పిల్లవు అని అడిగి, మూడో మాటకు ఇంటిపేరు కాడికి వస్తాం. ఇంటిపేరు తెలిస్తే కులం తెలిసినట్టే. కులం తెలిసినంక ఎదుటివాళ్ల గొంతు మారడం ఈ వరంగల్‌లో పుట్టి పెరిగిన ఎవరికి తెలియదు? అమెరికాలో తెలుగువాళ్లు కలిసినా అదే వరస అని ఆమె అంటుంది. షెల్టర్‌లో మాత్రం మొదటి ప్రశ్న వేరు. "ఆ పేరు నీకెలా వచ్చింది?" అని అడుగుతారు. జవాబుగా తాతల సంగతి చెప్పక్కర్లేదు, మొన్న సాయంత్రం జరిగింది చెబితే చాలు. ఆ కథ చెప్పేసరికి ఎదుటి మనిషి నవ్వుతాడు, తన కథ చెబుతాడు. డాక్టరైనా డ్రైవరైనా పేరును బట్టి తెలియదు, బురద పట్టిన బట్టలను బట్టి అసలే తెలియదు. అట్లా కలిసిపోయిన గుంపుకు వాళ్లలో ఒక మాటుంది, ట్రామిలీ. ట్రెయిల్, ఫ్యామిలీ కలిపి చేసిన మాట. ఇరవై ఒకటో రోజున తొట్టెల్లో వేసి మనకు పేరు పెట్టేనాటికి మనం ఎట్లాంటి మనుషులమో ఎవరికీ తెలియదు. ట్రెయిల్ నేమ్ పెట్టేవాళ్లు కొన్ని రోజులు మనల్ని చూసి పెడతారు.

మన ఉత్తర తెలంగాణలో మారుపేరు అంటే పెద్దవాళ్లకు ముందు అడవిలోకి పోయినవాళ్లు గుర్తుకొస్తారు. అది వేరే సంగతి. ఆ పేరు అసలు మనిషిని దాచడానికి. ఇక్కడ చెబుతున్నది మనిషిని బయటికి తెచ్చే పేరు గురించి. ఈ రెంటినీ కలపకూడదు.

కలపాల్సింది మాల వేసుకున్నవాళ్లతో. అయ్యప్ప దీక్షలో మొదటి ఏడు కన్నెస్వామి, రెండో ఏడు కత్తిస్వామి, తర్వాత గంటస్వామి, గదస్వామి, అట్లా పోయి పోయి గురుస్వామి అవుతారు. మాల మెడలో పడిన నిమిషం నుంచి ఇంట్లో భార్య కూడా పేరు పెట్టి పిలవదు, స్వామీ అంటుంది. హనుమాన్ దీక్షలోనూ అంతే. నేను ఐదేళ్ల కింద పెద్ద హనుమాన్ జయంతికి ముప్పై మంది స్వాములతో హన్మకొండ నుంచి కొండగట్టుకు నడిచాను. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూర్, కరీంనగర్, గంగాధర మీదుగా నూరు కిలోమీటర్లు దాటుతుంది. మే నెల ఎండలు కాబట్టి తెల్లవారుజామున మూడింటికి లేచి తొమ్మిదింటిదాకా, మళ్లీ పొద్దు గూకినంక నడిచేవాళ్లం. అందరమూ స్వాములమే. ముందు నడిచేవాణ్ని పిలవాలని "స్వామీ" అంటే ముప్పై తలలు తిరిగేవి. హుజూరాబాద్ చేరకముందే వాటంతట అవే పేర్లు పుట్టుకొచ్చాయి. ఏ ఊళ్లో చలివేంద్రం ఎక్కడుందో వాసన పట్టినట్టు చెప్పేవాడు మజ్జిగ స్వామి. రెండు మడిమెలకూ పట్టీలు వేసుకున్నవాడు ప్లాస్టర్ స్వామి. కాషాయం మీద నల్ల గొడుగు వేసుకొని అర్ధరాత్రి కూడా దాన్ని చంకలోంచి దించనాయన గొడుగు స్వామి. అప్పటికి నేను ట్రెయిల్ నేమ్ అనే మాటే వినలేదు. జార్జియా షెల్టర్‌లో జరిగినదీ, ఎల్కతుర్తి బడి వరండాలో మేం పడుకున్నప్పుడు జరిగినదీ ఒక్కటే.

ఇక ఈ పేరు పనికిరాని చోట్లూ ఉన్నాయి. వాటి గురించి గట్టిగా చెప్పాలి. దూరం నడిచేవాళ్లు ముందున్న ఊళ్ల పోస్టాఫీసులకు తిండి పార్సిళ్లు పంపించుకుంటారు. అక్కడ గుర్తింపు కార్డు చూపిస్తేనే ఇస్తారు, కాబట్టి పార్సిల్ మీద అసలు పేరే ఉండాలి. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో రాత్రులు ఆగుతూ నడవాలంటే పర్మిట్ కావాలి, అది కూడా అసలు పేరుతోనే. ఇవి చిన్న సంగతులు. పెద్దది 2018లో జరిగింది.

ఆ ఏడాది జులైలో ఫ్లోరిడాలోని బిగ్ సైప్రస్ అడవిలో ఒక టెంటులో ఒక మనిషి చనిపోయి కనిపించాడు. ఫోను లేదు, కార్డు లేదు. పోలీసులు బొమ్మ గీయించి విడుదల చేస్తే వెంటనే హైకర్లు గుర్తుపట్టారు. న్యూయార్క్ వైపు నుంచి నెలల తరబడి దక్షిణానికి నడుచుకుంటూ వచ్చిన మనిషి. వాళ్లు ఆయనతో కూర్చొని మాట్లాడారు, కలిసి తిన్నారు, ఫొటోలు దిగారు. ఆయన పేరు "మోస్ట్‌లీ హార్మ్‌లెస్" అని చెప్పారు. దాదాపుగా ఎవరికీ హాని చేయనివాడు అని అర్థం. అంతకు మించి ఒక్కరికీ తెలియదు. అసలు పేరు తేలడానికి 2020 చివరిదాకా పట్టింది. తెలిసిన ముఖానికి రెండేళ్లకు పైగా పేరు దొరకలేదు. ఆయన కావాలనే దాచుకొని ఉండొచ్చు. అది ఆయన ఇష్టం. కానీ దాచుకోవాలని లేకుండానే, ఎవరూ అడగక, తను చెప్పక, అదే స్థితికి వచ్చేవాళ్లు ఎక్కువ.

మాకు అది మానకొండూర్ దాటినంక అర్థమైంది. మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి గొడుగు స్వామి రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చొని, అట్లాగే ఒరిగిపోయాడు. ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది. 108కి ఫోన్ చేస్తే వచ్చింది. నేనూ ఇంకొకరూ వెంట వెళ్లాం. హాస్పిటల్‌లో నర్సమ్మ రాసుకుంటూ పేషెంట్ పేరు అడిగింది. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. షుగర్ ఉందా అన్నది. తెలియదు. ఏం గోలీలు వాడుతున్నాడు? తెలియదు. ఇంటి నంబర్? ఆయన ఫోనుకు ప్యాటర్న్ లాక్ ఉంది. మూడు రోజులు పక్కపక్కన పడుకున్నాం. నిద్రలో ఏ పక్కకు ఒత్తిగిలుతాడో నాకు తెలుసు. పేరు తెలియదు. చివరికి మా గురుస్వామి దగ్గర ఆయన్ను తీసుకొచ్చిన దూరపు చుట్టం నంబర్ దొరికి, ఆయన ద్వారా ఇంటికి ఫోన్ చేశాం. షుగర్ పడిపోయిందని తేలింది. తెల్లవారుజామున గోలీ వేసుకొని, ఏమీ తినకుండా నడిచాడట. గ్లూకోజ్ ఎక్కించాక గంటలో లేచి కూర్చున్నాడు. లేవగానే "గొడుగేది?" అన్నాడు.

పేర్లు మానేద్దామని మాలో ఎవరూ అనలేదు. మరుసటి ఏడు గురుస్వామి వంద పేజీల నోట్‌బుక్కు తెచ్చి, స్కేలుతో గీతలు కొట్టించాడు. మొదటి గడిలో అసలు పేరు, ఇంటివాళ్ల నంబర్. రెండో గడిలో బ్లడ్ గ్రూప్, వాడే మందులు. మూడో గడి ఖాళీ, దారిలో వచ్చే పేరు కోసం. బయలుదేరే రాత్రి భద్రకాళి గుడి దగ్గర అందరం వరసగా నిలబడి రాశాం. గొడుగు స్వామి వంతు వచ్చింది. కళ్లజోడు పెట్టుకొని ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాడు, భార్య నంబర్ రాశాడు, రెండు గోలీల పేర్లు జేబులోని చీటీ చూసి అక్షరం అక్షరం దించాడు. మూడో గడి వదిలెయ్యమని గురుస్వామి చెబుతుండగానే, అందులో గొడుగు అని రాసి పెన్ను నాకు ఇచ్చాడు.